మాట ఇచ్చినవారూ, అమ్ముడుపోయినవారూ

బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్ర నాటకాన్ని గుంటూరు సీమలో పుట్టి పెరిగినవారికి కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. మా పల్లెల్లో ఆ నాటకాన్ని తెల్లవార్లూ ఆడారు, తెల్లవార్లూ చూశారు. వినుకొండ కవి జాషువా రాసిన 'శ్మశానవాటి' పద్యాలను కాటిసీనులో చేర్చి పాడటం నటులకు ఆనవాయితీ అయింది. చిలకలూరిపేటలో మా కళాశాల తరగతిగదిలో ఆ నాటకాన్ని గురించి పాఠం చెబుతూ, సత్యవాక్పాలన అనే విలువ మన ప్రజల మనస్సులో ఎంత లోతుగా నాటుకుపోయిందో వివరిస్తున్నాను. వెనకబల్లమీద కూర్చున్న ఒక విద్యార్థిని లేచి అడిగింది: "మాట ఇచ్చింది ఆయన. అమ్ముడుపోయింది ఆమె. చంద్రమతిని ఎవరైనా అడిగారా మాస్టారూ?"

తరగతి నవ్వింది. నేను యుగధర్మమనీ, పతివ్రతాధర్మమనీ ఏదో చెప్పి గంట గడుపుకున్నాను. ఆ జవాబు నాకే రుచించలేదు.

ఆ నెలలోనే మా అధ్యాపక మిత్రుల అధ్యయన గోష్ఠిలో నేను మాట్లాడవలసి వుంది. విషయం: భూతాపాన్ని అరికట్టటానికి దేశాలు చేసుకున్న ఒడంబడికలలో మన దేశం ఇచ్చిన హామీలు. తెలుగు పంతులుకు దీనితో ఏం పని అని మిత్రులు అననే అన్నారు. నిజమే, వాతావరణ శాస్త్రంలో నాకు ప్రవేశం లేదు. కాని మాట అనేదాని పోకడలు తెలుసుకోవటం నా వృత్తి. ఆ ఒప్పందాల పత్రాలు చదివినకొద్దీ మా విద్యార్థిని ప్రశ్న వాటి అంచులమీద రాసివున్నట్లే తోచింది. "దేశం మాట ఇచ్చింది" అంటాము. దేశమంటే ఎవరు? ఆ మాటకు ధర చెల్లించేది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు రానప్పుడు ఆ మాటకు నైతికబలం ఎక్కడినుంచి వస్తుంది?

మనం ఇచ్చిన మాట ఏమిటో ముందు చూద్దాం. 2015 డిసెంబరులో పారిస్ మహాసభ జరగటానికి రెండు నెలల ముందు భారత ప్రభుత్వం తన హామీలను ఐక్యరాజ్యసమితికి సమర్పించింది. దేశీయోత్పత్తిలో రూపాయి ఒక్కింటికి ఎంత కర్బన వాయువు వెలువడుతున్నదో, దాన్ని 2005 నాటితో పోలిస్తే 2030 నాటికి 33 నుంచి 35 శాతం తగ్గిస్తామన్నది మొదటి హామీ. విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో 40 శాతం బొగ్గుతోనూ చమురుతోనూ పనిలేని వనరులనుంచి వుంటుందన్నది రెండవది. అడవులూ చెట్లూ పెంచి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే ఏర్పాటు మూడవది. 2022 ఆగస్టులో మొదటిదాన్ని 45 శాతానికీ, రెండవదాన్ని 50 శాతానికీ పెంచారు. 2070 నాటికి దేశపు నికర ఉద్గారాలు సున్నా అవుతాయని 2021 నవంబరులో గ్లాస్గోలో ప్రధానమంత్రి ప్రకటించి వున్నారు.

ఈ మాటల్లో ప్రతిదానికీ ఒక మెలిక వుంది. రూపాయికి ఇంత అన్న లెక్కలో మొత్తం తగ్గాలని లేదు. బస్తా పంటకు పడే ఎరువును తగ్గిస్తానని చెప్పిన రైతు, సాగు రెట్టింపు చేసుకుంటే మొత్తం ఎరువు పెరిగినా మాట తప్పినట్లు కాదు. రెండవ హామీ సంగతి చిలకలూరిపేటవారికి ఇట్టే అర్థమవుతుంది. నూలుమిల్లులో ఎన్ని కదుళ్ళు వున్నాయన్నది ఒక లెక్క, ఆ కదుళ్ళు ఎంత నూలు వడికాయన్నది మరొక లెక్క. స్థాపిత సామర్థ్యంలో సగం లక్ష్యాన్ని గడువుకు ఐదేళ్ళు ముందే అందుకున్నామని 2025 జూలైలో ప్రభుత్వం ప్రకటించింది. అది నిజమే, సంతోషించదగినదే. కాని అప్పటికీ దేశంలో నిజంగా ఉత్పత్తి అయ్యే కరెంటులో నాలుగింట మూడు వంతుల దాకా బొగ్గునుంచే వస్తున్నది. కదుళ్ళ లెక్క చెప్పి నూలు లెక్క దాచటం మిల్లు యజమానులకు కొత్త విద్య కాదు.

అయినా ఇది మోసమని తొందరపడి అనటం న్యాయం కాదు. మన దేశంలో మనిషి ఒక్కింటికి ఏడాదికి వెలువడే బొగ్గుపులుసు వాయువు సుమారు 2 టన్నులు. అమెరికాలో సుమారు 14 టన్నులు. ప్రపంచ జనాభాలో ఆరోవంతు మనవాళ్ళు. 1850 నుంచి ఆకాశంలోకి పోగుపడ్డ వాయువులో మన వాటా సుమారు 4 శాతం. ఇటువంటి దేశం తన ఉత్పత్తిని పెంచుకునే హక్కును వదులుకోకుండా, పెంచుకునే పద్ధతిని మార్చుకుంటానని చెప్పటం తప్పు కాదు. 1990లో వాషింగ్టనులోని ప్రపంచ వనరుల సంస్థ వరిచేలనుంచీ పశువులనుంచీ వచ్చే వాయువును కూడా కలిపి లెక్కగట్టి భారతదేశాన్ని పెద్ద దోషుల సరసన నిలబెట్టింది. మరుసటి సంవత్సరమే ఢిల్లీలోని అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఆ లెక్కను చీల్చి చెండాడారు. బతకటానికి విడిచే వాయువునూ విలాసానికి విడిచే వాయువునూ ఒకే త్రాసులో వేయటం సామ్రాజ్యవాదపు కొత్త రూపమని వారి వాదం. 1992లో రియోలో కుదిరిన ఒడంబడిక ఈ న్యాయాన్ని కొంతవరకు అంగీకరించింది: బాధ్యత అందరిదీ, కాని అందరిదీ ఒకే పాటి కాదు.

ఇక్కడ ఒక అప్రియమైన సంగతి చెప్పాలి. మనం, వామపక్షానికి చెందిన అధ్యాపకులమూ విద్యార్థులమూ, ఈ వాదాన్ని ఎంతగా ప్రేమించామంటే, దాని అర్ధభాగం దగ్గరే ఆగిపోయాము. "పాపం వాళ్ళది, మనది కాదు" అన్నాము. 'మనది' అన్న ఆ సర్వనామంలోకి ఎవరెవరు దూరి కూర్చున్నారో చూడలేదు. పేదవాడిచాటున దాక్కుంటున్నారని 2007లో భారత గ్రీన్‌పీస్ సంస్థ ఒక నివేదిక పేరులోనే ఎత్తిచూపింది. తలసరి రెండు టన్నులన్న అంకెలో యెడ్లపాడు మండలంలో కౌలుకు మిరప వేసే మనిషీ వున్నాడు, ప్రతి గదికీ చల్లని గాలియంత్రం బిగించుకుని ఒక్కొక్కరికి ఒక్కొక్క కారు వున్న కుటుంబమూ వుంది. సగటు తీసినప్పుడు ఆ కుటుంబానికి కౌలుదారుడు నీడపట్టున నిలబెట్టే గొడుగవుతున్నాడు. అంతర్జాతీయ వేదికలమీద పేదరికాన్ని సాక్ష్యంగా చూపి పొందిన వెసులుబాటును ఇంట్లో ఎవరు అనుభవిస్తున్నారన్నది వర్గ ప్రశ్న. దాన్ని జాతీయ ప్రశ్నగా మాత్రమే చూసినందుకు ఈ వ్యాసకర్త కూడా బాధ్యుడే.

ఇక ధనిక దేశాల మాట. ఇక్కడ నా వ్యాకరణ జ్ఞానం కొంత పనికివచ్చింది. 2015 డిసెంబరు 12న పారిస్ ఒప్పందపు తుది ప్రతి సభ ముందుకు వచ్చేవేళ పని ఆగిపోయింది. నాలుగవ అధికరణంలో ధనిక దేశాలు తమ ఉద్గారాలను తగ్గించటంలో ముందు నడవాలి అనే చోట, తప్పక చేసితీరాలన్న అర్థమిచ్చే ఇంగ్లీషు క్రియ పడింది. అమెరికా ఒప్పుకోలేదు, అలా వుంటే అది చట్టబద్ధమైన బాధ్యత అవుతుంది, తమ సెనేట్ అనుమతి కావలసివస్తుంది. చివరికి దాన్ని అచ్చుతప్పుల దిద్దుబాటుగా చదివి, చేస్తే బాగుంటుందన్న అర్థమిచ్చే క్రియను పెట్టారు. విధ్యర్థకం హితవుగా మారింది. ఒక్క క్రియాపదం మార్పుతో రెండు శతాబ్దాల పొగ లెక్క తేలికైపోయింది. మనవాళ్ళు తక్కువ తినలేదు: 2021లో గ్లాస్గోలో, బొగ్గును క్రమంగా తొలగించటమన్న మాటను ఆఖరి గడియలో క్రమంగా తగ్గించటమని మార్పించింది మన ప్రతినిధివర్గమే. బొగ్గు ఒక్కదాన్నే పట్టుకుని, ధనిక దేశాల చమురునూ వాయువునూ విడిచిపెట్టటమేమిటన్న మన అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు.

హరిశ్చంద్రుడి వెంట నక్షత్రకుడు పడ్డాడు. నీడలాగా కాశీదాకా నడిచి, సొమ్ము చేతిలో పడేదాకా వదలలేదు. తెలుగులో బాకీకోసం పీడించేవాడికి ఆ పేరే స్థిరపడిపోయింది. ఒప్పందాల చరిత్ర చూస్తే నక్షత్రకుణ్ణి క్రమంగా సాగనంపిన చరిత్రలా వుంటుంది. 1997 నాటి క్యోటో ఒప్పందంలో పారిశ్రామిక దేశాలకు కచ్చితమైన లక్ష్యాలుండేవి. తగ్గించవలసినంత తగ్గించనివాడు ఆ లోటును, దానిమీద మరో 30 శాతాన్ని, తరువాతి గడువులో తీర్చాలన్న షరతు వుండేది. అమెరికా దాన్ని ఆమోదించనే లేదు. కెనడా లక్ష్యం చేరలేక 2011 డిసెంబరులో వైదొలగుతున్నట్లు ప్రకటించింది. ఆ అనుభవం నేర్పిన పాఠమేమిటయ్యా అంటే, నక్షత్రకుడు లేకపోతే అందరూ వస్తారని! పారిస్ ఒప్పందపు 15వ అధికరణం ప్రకారం అమలు చూసే సంఘం ఎవరినీ శిక్షించదు, ఎవరితోనూ వివాదపడదు, సహకరిస్తుంది. అందరూ వచ్చారు. అమెరికా 2020 నవంబరులో వెళ్ళిపోయింది, 2021 ఫిబ్రవరిలో తిరిగివచ్చింది, 2025 జనవరి 20న మళ్ళీ వెళ్ళిపోవటానికి ఉత్తర్వు వేసింది.

క్యోటోకూ పారిస్‌కూ మధ్య మరొక పదం కూడా మారింది. పారిస్‌లో దేశాలు సమర్పించేవాటిని బాధ్యత అనలేదు, వంతు అన్నారు. ప్రతి దేశమూ తన వంతు తానే నిర్ణయించుకుంటుంది. నా దృష్టిలో ఈ మార్పే అన్నిటికన్నా లోతైనది. అప్పు వేరు, మాట వేరు, దానం వేరు. అప్పు ఎంతన్నది ఋణస్థుడి ఇష్టంమీద ఆధారపడదు. మాట, ఇచ్చేవాడి ఇష్టంమీద పుడుతుంది, పుట్టాక అతణ్ణి కట్టిపడేస్తుంది. దానం పుట్టటమూ నిలవటమూ కూడా ఇష్టంమీదే. రియోలో అప్పుగా గుర్తించినదాన్ని పారిస్‌లో మాటగా మార్చారు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి దాన్ని దానంగా మారుస్తున్నారు. పేద దేశాలకు ఏడాదికి 10 వేల కోట్ల డాలర్లు 2020 నాటికి సమకూరుస్తామని 2009లో కోపెన్‌హాగెన్‌లో అన్నారు. ధనిక దేశాల లెక్కల ప్రకారమే ఆ అంకె మొదటిసారి అందింది 2022లో. అందులో ప్రభుత్వాలద్వారా వచ్చిన సొమ్ములో అధికభాగం తిరిగి వడ్డీతో చెల్లించవలసిన ఋణాలు. అప్పున్నవాడు అప్పు తీర్చటానికి బదులు అప్పిచ్చి వెళ్ళటం ధర్మశాస్త్రాలు ఊహించని వింత. 2024 నవంబరులో బాకూ సభలో, 2035 నాటికి ఏడాదికి 30 వేల కోట్ల డాలర్లన్న తీర్మానం సుత్తి దెబ్బతో ఆమోదం పొందిన తరువాత, మాట్లాడే అవకాశం ఇవ్వలేదని మన ప్రతినిధి నిరసన తెలిపింది. ఆ నిరసనను నేను పూర్తిగా సమర్థిస్తాను.

సమర్థిస్తూనే, ఆ నిరసనను తిప్పి మన ఇంటిముందు నిలబెట్టి చూస్తాను. మాట్లాడే అవకాశం ఇవ్వకుండా తీర్మానం చేశారన్నది కదా అభియోగం! పారిస్ ఒప్పందాన్ని 2016 సెప్టెంబరు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. గాంధీ జయంతినాడు ఐక్యరాజ్యసమితికి పత్రం దాఖలు చేసింది. మన రాజ్యాంగ ఆచారంలో ఇటువంటి ఒడంబడికలకు పార్లమెంటు ఆమోదం అవసరం లేదు. శాసనసభలు చర్చించనక్కరలేదు. పంచాయతీల మాట చెప్పనే అక్కరలేదు. చంద్రమతిని ఎవరూ అడగలేదు.

ఆమె ఎలా అమ్ముడుపోతుందో 2023లో చూశాం. ఆ సంవత్సరం ఆగస్టు 1901 తరువాత దేశంలో అన్నిటికన్నా వాన తక్కువపడిన ఆగస్టు. నల్లరేగడిలో పత్తి వాడింది. నవంబరు 30న దుబాయిలో వాతావరణ మహాసభ ప్రారంభమైంది. భూతాపంవల్ల నష్టపోయిన పేద దేశాలకోసం ఒక నిధిని మొదటి రోజునే చప్పట్లమధ్య ఆమోదించారు. సరిగ్గా ఆనాడే నాగార్జునసాగర్ ఆనకట్టమీద, మా ప్రాంతానికి నీరిచ్చే కుడికాలువ తూముల దగ్గర, రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడి వున్నారు. నీటికోసం అంత పెనుగులాట. ఐదు రోజులు గడిచాయి. డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మాకు పొరుగునే వున్న బాపట్ల దగ్గర తీరం దాటింది. నీటికి మొగం వాచిన చేలల్లోనే నీరు నిలిచింది. మిరప వేరు కుళ్ళింది, విచ్చిన పత్తి తడిసి రంగు మారింది, కోసిన వరి పనలమీదే మొలకెత్తింది. ఏ ఒక్క తుఫానునూ చూపి ఇది భూతాపపు బిడ్డ అని శాస్త్రం అనదు. సముద్రం వేడెక్కినకొద్దీ తుఫానులు కురిసే వాన ఉధృతమవుతుందని మాత్రం అంటుంది. మాకు అంతమాత్రం చాలు.

దుబాయి నిధికి మొదటి దఫాలో వచ్చిన వాగ్దానాలు 70 కోట్ల డాలర్ల చిల్లర. చరిత్రలో అందరికన్నా ఎక్కువ పొగ విడిచిన అమెరికా వాగ్దానం 1 కోటి 75 లక్షలు. 2025 మార్చిలో ఆ నిధి పాలకమండలినుంచి కూడా తప్పుకుంది. సరే, ఆ నిధి రేపు నిండుతుందనే అనుకుందాం. దానిలోనుంచి ఒక్క రూపాయి యెడ్లపాడు చేలదాకా ప్రయాణం చేసిందనుకుందాం. అది ఎవరి చేతికి వస్తుంది?

ఇక్కడ పంట వేసే మనిషి ఒకడు, పట్టాదారు పుస్తకంలోని మనిషి మరొకడు. కౌలు ముందే చెల్లించాలి. విత్తనం, ఎరువు, పురుగుమందు దుకాణంలో ఖాతామీద రావాలి. పంట పోయినా దుకాణపు నక్షత్రకుడు వాకిట్లోనుంచి కదలడు. అంతర్జాతీయ రంగంలో ఉద్యోగం వూడిన నక్షత్రకులంతా మా పల్లెల్లోనే కొలువు చేస్తున్నారా అనిపిస్తుంది. నష్టపరిహారానికి, బ్యాంకు రుణానికి, పంటబీమాకు కాగితం కావాలి. కౌలుదారుకు ఆ కాగితం ఇవ్వటానికి 2011లో ఒక చట్టం వచ్చింది, 2019లో మరొక చట్టం వచ్చింది. రెండవ చట్టం పదకొండు నెలల కార్డు ఇస్తూ, దానికి భూయజమాని సంతకం కావాలన్నది. కౌలుదారుడి హక్కును యజమాని దయలో కట్టిపెట్టటమంటే ఇదే: పారిస్‌లో ధనిక దేశం తన వంతును తానే నిర్ణయించుకున్నట్లు, పల్లెలో కామందు తన ఋణాన్ని తానే నిర్ణయించుకుంటాడు. అక్కడ అప్పు దానమైంది. ఇక్కడ హక్కు సహాయమైంది. వ్యాకరణం ఒకటే.

అయితే అడగకుండా ఇచ్చిన మాట గనుక మనల్ని బంధించదని అందామా? గోష్ఠిలో ఒక యువ మిత్రుడు ఇలాగే వాదించాడు. హామీలను చించివేయమన్నాడు, ధనిక దేశాలు బాకీ తీర్చేదాకా ఒక్క టన్ను కూడా తగ్గించవద్దన్నాడు. ఆవేశం అర్థమవుతుంది, ఫలితం ఆలోచించాలి. మాట నిలబెడితే అమ్ముడుపోయేది చంద్రమతే. మాట తప్పితే మునిగిపోయేదీ చంద్రమతే. ఎండకూ వరదకూ ఎదురుగా నిలబడివున్నది చేలో మనిషి. పొగ ఎవరిదన్నది తేలేదాకా సముద్రం ఆగదు.

మా మిత్రుడి వాదంలో అసలు పొరపాటు, బాధ్యత మాటనుంచే పుడుతుందనుకోవటం. ఒకరి పొలం ముంచకూడదన్న ధర్మం, ముంచనని నేను ఒట్టు వేసుకున్నందువల్ల పుట్టలేదు. 2025 జూలై 23న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన అభిప్రాయంలో ఇదే అంశం వున్నది: ఒప్పందాలతోబాటు, ఇతరులకు తీవ్రహాని కలగనీయకూడదన్న సాధారణ న్యాయం కూడా దేశాలను బంధిస్తుంది. ఒప్పందంనుంచి వైదొలిగినంత మాత్రాన అది వదలదు. ఆ వ్యాజ్యాన్ని మొదట తలపెట్టింది పసిఫిక్ దీవుల న్యాయవిద్యార్థులు. చేతపట్టుకుని నడిపింది వనువాటు అనే చిన్న దేశం. అభిప్రాయానికి అమలుబలం లేదనవచ్చు. కాని మాటల మాయలో దానమైపోయినదానికి తిరిగి అప్పు అని పేరు పెట్టటం చిన్న పని కాదు. మన సుప్రీంకోర్టు కూడా 2024 మార్చిలో, వాతావరణ మార్పు దుష్ఫలితాలనుంచి రక్షణ పొందటం పౌరుడి హక్కు అన్నది.

కాబట్టి నా అభిప్రాయంలో మనం కోరవలసింది హామీల రద్దు కాదు, హామీల విభజన. బాధ్యత అందరిదీ, కాని అందరిదీ ఒకే పాటి కాదన్న సూత్రాన్ని దేశం సరిహద్దు దగ్గర ఆపటానికి తర్కం ఏమీ కనిపించదు. 45 శాతంలో ఏ పరిశ్రమ వంతు ఎంత, ఏ వర్గం వంతు ఎంత? సూర్యరశ్మి విద్యుత్తుకోసం కర్నూలు జిల్లాలో వేయి మెగావాట్ల పార్కు 2017లో నిర్మించాం, మంచిదే. అటువంటి పార్కులకు భూమి తీసుకునేటప్పుడు ఆ భూమిమీద పట్టా లేకుండా బతికినవాడికి ఏం దక్కుతున్నది? తరువాతి గడువు హామీలు పంపేముందు శాసనసభలో పెట్టి చర్చిస్తారా? రైతు సంఘాలూ, కౌలు రైతు సంఘాలూ, అధ్యాపక సంఘాలూ ఇంతవరకు ఈ ప్రశ్నను తమ కోరికల పత్రంలో చేర్చలేదు. అది ఢిల్లీవారి విషయమని వదిలేశాము. ఫీజుల గురించి, జీతాల గురించి మనం వేసిన కరపత్రాలు నా బీరువాలో కట్టలుగా వున్నాయి. దీనిమీద ఒక్కటి లేదు.

నాటకంలో చివరికి దేవతలు దిగివస్తారు. లోహితాస్యుడు నిద్రలేచినట్లు లేస్తాడు, రాజ్యం తిరిగివస్తుంది, అదంతా పరీక్ష అని తేలుతుంది. ప్రేక్షకులు తృప్తిగా ఇళ్ళకు వెళ్ళేవారు. 1987–88లో పత్తి పోయి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రాణాలు తీసుకున్న రైతులు ఎవరూ లేవలేదు.

మా విద్యార్థినిని తరువాత ఒకరోజు గ్రంథాలయంలో పలకరించాను. ఆ ప్రశ్న ఎందుకు తోచిందమ్మా అన్నాను. నాటకం గురించి పెద్దగా ఆలోచించలేదట. కౌలు కార్డుమీద సంతకంకోసం వాళ్ళ నాన్న పోయిన ఖరీఫ్‌లో మూడుసార్లు హైదరాబాదు వెళ్ళివచ్చాడట. యజమాని అక్కడ వుంటాడు. మూడోసారి కలిశాడు, కాఫీ ఇచ్చాడు, వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడట. పొలం అడుగుతాడేమో నన్న భయంతో సంతకం పెట్టలేదని ఆమె ఊహ. "వాళ్ళూ మంచివాళ్ళే మాస్టారూ" అని కూడా అన్నది.